మరక ఒకచోట, చిల్లు మరొకచోట: పాత చిన్న విమానాల ఇంధన ట్యాంకుల మరమ్మతు

పైపర్ కబ్ జే-3 విమానంలో ఇంధనం ఎంత ఉందో చెప్పేది ఒక తీగ. ట్యాంకు లోపల పెట్రోల్ మీద తేలే బిరడా బెండు ఉంటుంది. దానికి గుచ్చిన తీగ మూతలోని కన్నం గుండా పైకి వస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే తీగ పొడవుగా నిలబడుతుంది, పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ కిందికి దిగుతుంది. గాలం వేసినవాడు బెండు మీద కన్నేసి కూర్చున్నట్టు, పైలట్ ముందు అద్దంలోంచి ఆ తీగను చూస్తూ ఎగురుతాడు. 1947లో తయారీ ఆగేనాటికి ఈ రకం విమానాలు దాదాపు 20 వేలు బయటికొచ్చాయి. వాటిలో చాలా ఇప్పటికీ అదే తీగ, అదే బెండుతో ఎగురుతున్నాయి.

ఇంత సాదా ఏర్పాటులో చెడిపోవడానికి ఏముంటుందని అనిపిస్తుంది. కానీ ఎనభై ఏళ్ల వయసున్న ట్యాంకులో రేకు, అతుకు, ప్యాకింగ్, బెండు అన్నీ తలో వేగంతో ముసలివవుతాయి. పైగా ఈ విమానాల్లో ట్యాంకు ఎక్కడో దూరంగా ఉండదు. కబ్‌లో 12 గ్యాలన్ల ట్యాంకు, అంటే 45 లీటర్లు, ఇంజిన్ వెనక ఉండే గోడకూ ముందు సీట్లో కూర్చున్న మనిషి మోకాళ్లకూ మధ్యలో ఉంటుంది. 1946లో వచ్చిన సెస్నా 140లో రెక్కకొకటి చొప్పున పన్నెండున్నర గ్యాలన్ల ట్యాంకులు రెండు. వాటి గేజ్‌లు క్యాబిన్ లోపలే, రెక్క వచ్చి కలిసే చోట, తలకు కాస్త పైన ఉంటాయి. ఒకదాని పైన ఒకటిగా రెండు రెక్కలుండే టైగర్ మాత్‌లోనైతే 19 బ్రిటిష్ గ్యాలన్ల ట్యాంకు పై రెక్క మధ్యభాగమే. పైలట్ తలెత్తి చూస్తే ట్యాంకు మీద నిలబెట్టిన గాజు గొట్టంలో ఫ్లోట్ కదలడం కనిపిస్తుంది. వీటన్నిటిలో పెట్రోల్ ఇంజిన్‌కు చేరేది తన బరువుతో తానే కిందికి దిగి. అంటే ట్యాంకు ఎప్పుడూ ఇంజిన్ కంటే ఎత్తులో, మనిషికి దగ్గరలో ఉండాల్సిందే.

తెలుగు నేలకు ఈ విమానాలు కొత్త కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలో యువ పైలట్లు తొలి పాఠాలు నేర్చుకున్నది టైగర్ మాత్‌ల మీదే. తర్వాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన పుష్పక్ 1958 సెప్టెంబర్ 28న తొలిసారి ఎగిరింది. అమెరికా ఏరోంకా చీఫ్ నమూనాను ఆధారం చేసుకుని, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్‌తో కట్టిన ఈ రెండు సీట్ల విమానాన్ని దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులు దశాబ్దాల పాటు నడిపాయి. చెక్క, గొట్టాలు, గుడ్డ, పల్చటి రేకు ట్యాంకు అనే ఈ కుటుంబం మొత్తానికి రోగాలూ ఒకటే, వైద్యమూ దాదాపు ఒకటే.

మొదట లీక్ ఎందుకు ప్రమాదమో సరిగ్గా అర్థం చేసుకోవాలి. సెకనుకో చుక్క చొప్పున కారినా గంటకు పోయేది పావు లీటరు కూడా ఉండదు. కబ్ ఇంజిన్ గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది కాబట్టి ఈ నష్టం వల్ల ఇంధనం చాలకపోవడం జరగదు. భయపడాల్సింది ఆవిరి గురించి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే అది నేల పట్టుకుని పారి గుంటల్లో చేరుతుంది. గాలిలో అది ఒకటిన్నర శాతం ఉన్నా చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. 100 మిల్లీలీటర్ల పెట్రోల్, అంటే టీ గ్లాసుడు, పూర్తిగా ఆవిరైతే వెయ్యి లీటర్లకు పైగా గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. చిన్న విమానం క్యాబిన్‌లో ఉండే గాలి కూడా సుమారు అంతే. ఆ క్యాబిన్‌లోనే స్విచ్చులు, రేడియో, బ్యాటరీ తీగలు ఉంటాయి. కొన్ని విమానాల్లో బ్యాటరీ సీటు కిందే.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మెకానిక్‌లకు నేర్పే పద్ధతిలో లీక్‌లు నాలుగు తరగతులు. తడిని తుడిచి అరగంట ఆగి చూడాలి. ముప్పావు అంగుళం లోపు తడి పరుచుకుంటే అది మరక. ఒకటిన్నర అంగుళం దాకా వస్తే ఊట. నాలుగు అంగుళాల దాకా వస్తే గట్టి ఊట. చుక్కలు రాలినా, ధార కట్టినా అది పారే లీక్, దాంతో ఎగరకూడదు. మిగతా మూడూ బయట గాలి తగిలే చోట ఉంటే కొంతకాలం గమనిస్తూ ఎగరవచ్చు. మూసి ఉన్న చోట అయితే మరక కూడా ఒప్పదు, ఎగిరే ముందే సరిచేయాలి. ఈ చివరి మాటను పాత విమానాల యజమానులు మరీ మరీ చదవాలి. ఎందుకంటే వాళ్ల విమానాల్లో ట్యాంకు చుట్టూ ఉన్న చోటంతా మూసి ఉన్న చోటే. రెక్క లోపల గుడ్డ కింద, ప్యానెల్ వెనక, నెత్తి మీది లైనింగ్ లోపల. పెద్ద లోహపు విమానం రెక్క అడుగున కనిపించే నీలి మరకకు వర్తించే ఓపిక వీటికి వర్తించదు.

నీలి మరక అనడానికి కారణం, ఈ రోజు చిన్న విమానాల్లో వాడే 100 ఎల్‌ఎల్ రకం ఏవ్‌గ్యాస్‌కు, అంటే విమాన పెట్రోల్‌కు, నీలం రంగు కలుపుతారు. పాత రోజుల 80 ఆక్టేన్ ఇంధనానికి ఎరుపు, 100/130కి ఆకుపచ్చ. పెట్రోల్ ఎగిరిపోయినా రంగు మిగులుతుంది. తెలిసిన మెకానిక్ ఆ రంగును చదువుతాడు. చెమ్మగా మెరిసే నీలం అంటే ఇప్పుడు కారుతున్నది. గోధుమరంగుకు తిరిగి ఎండి గట్టిపడినది అంటే ఎప్పటిదో. లైనింగ్ లోపల ఎర్రటి పాత చార కనిపిస్తే ఆ ట్యాంకు కొన్ని దశాబ్దాల కిందటే ఒకసారి ఏడ్చిందని అర్థం. మునుపు అతికించిన చోటు ఎక్కడో వెతకడానికి అదే ఆనవాలు.

మరక ఎక్కడుందో అక్కడే చిల్లు ఉందనుకోవడం దగ్గర పని తప్పుదారి పడుతుంది. మిద్దె కురిసేటప్పుడు చుక్క పడేచోట పైన బీట ఉండదు. నీళ్లు ఎక్కడో దిగి, దూలం వెంట పాకి, తమకు వీలైన చోట రాలతాయి. పెట్రోల్ నీళ్లకంటే సన్నని సందుల్లో దూరుతుంది. రివెట్ తల కింద దూరి, అతుకు మడతలో ప్రయాణించి, అడుగు దూరంలో బయటపడుతుంది. సెస్నా 140లో ముందు అద్దం మూలన కనిపించిన నీలి చారకు మూలం గేజ్ ప్యాకింగ్ కావచ్చు, ట్యాంకు నుంచి దిగే రబ్బరు గొట్టం క్లిప్పు కావచ్చు, పైన మూత కింది వాషర్ కూడా కావచ్చు. ఎగిరేటప్పుడు రెక్క పైభాగంలో ఒత్తిడి తక్కువగా ఉంటుంది కదా, వాషర్ ఎండిపోయిన మూత గుండా పెట్రోల్‌ను గాలి పైకి లాగేస్తుంది. అది రెక్క మీద వెనక్కి పారి ఏదో సందులో కిందికి దిగుతుంది. ట్యాంకు విప్పి మూడు రోజులు కష్టపడ్డాక దోషం మూతలో ఉందని తేలడం ఈ రంగంలో అరుదైన విషయం కాదు. అదే వాషర్ గుండా వానలో నీళ్లు లోపలికి కూడా వెళతాయి కాబట్టి వెతకడం మూత నుంచే మొదలుపెట్టాలి.

వెతికే పద్ధతిలో మాయ ఏమీ లేదు. మొత్తం శుభ్రంగా తుడిచి, గాలితో ఆరబెట్టి, ముగ్గుపిండిలా సన్నగా ఉండే టాల్క్ పొడి చల్లుతారు. పెట్రోల్ తగిలితే ఎర్రగా మారే రంగు కలిపిన పొడి కూడా దొరుకుతుంది. తర్వాత టార్చ్ పట్టుకుని కూర్చోవడమే. ట్యాంకును ముందు పావు వంతు, తర్వాత సగం, తర్వాత నిండుగా నింపుతూ పోతే ఏ ఎత్తుకు వచ్చినప్పుడు తడి మొదలైందో తెలుస్తుంది. సగం దాకా ఏమీ లేక, గేజ్ అంచు దాటగానే చెమ్మ వస్తే జవాబు చేతికి వచ్చినట్టే.

చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. మంచి రేకును కోసి, ఆ కన్నంలో కదిలే వస్తువును పెట్టి, చుట్టూ మరలు బిగించి, మధ్యలో కార్క్ ప్యాకింగ్ పెట్టిన చోటు గేజ్. ట్యాంకు మొత్తంలో ఇంతకంటే బలహీనమైన చోటు ఉండదు. కార్క్ పెట్రోల్‌లో తడిసి ఉన్నంతకాలం ఉబ్బి పట్టుకుంటుంది. విమానాన్ని ఏడాదిపాటు సగం ట్యాంకుతో షెడ్డులో వదిలేస్తే పైభాగం ఎండి, కుంచించుకుపోయి, పగులుతుంది. అప్పుడు మళ్లీ నింపగానే కారుతుంది. కారుతోందని మరలు ఇంకా గట్టిగా బిగిస్తే కార్క్ నలిగి పిండవుతుంది, రేకు అంచు మరల మధ్యలో అలలా వంగుతుంది. ఆ తర్వాత ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆనదు. కాబట్టి పాత గేజ్ విప్పినప్పుడు మొదట చూడాల్సింది ఆ అంచు సమతలంగా ఉందా లేదా అని. వంగి ఉంటే వెనక చెక్క దిమ్మె ఆనించి మెల్లగా సరిచేయాలి. ఎదురెదురు మరలను కొంచెం కొంచెంగా, సమానంగా బిగించాలి.

ఇంకో సందు మరల కన్నాలు. కొన్ని ట్యాంకుల్లో గేజ్ మరలు నేరుగా ట్యాంకు లోపలికి దిగుతాయి. ప్యాకింగ్ కొత్తదైనా మర పళ్ల వెంట పెట్రోల్ పాకి మర తల కింద బయటపడుతుంది. ఇంధనానికి తట్టుకునే సీలింగ్ వాషర్ ఒక్కో మరకు వేయాల్సిందే. అయిదు మరల్లో నాలుగింటికి వేసి ఒకటి మరిచిపోతే లీక్ అక్కడి నుంచే వస్తుంది. సెస్నా 140 గేజ్‌కు ముందువైపు గాజు, దాని వెనక మరో ప్యాకింగ్ ఉంటాయి. కారేది ఆ గాజు అంచు నుంచి అయితే వెనక ప్యాకింగ్ మార్చినా ఫలితం ఉండదు. పైపర్ సూపర్ కబ్ లాంటివాటిలో గేజ్ అంటే క్యాబిన్‌లో నిలబెట్టిన పారదర్శక గొట్టమే. ట్యాంకులో ఉన్న మట్టమే గొట్టంలోనూ కనిపిస్తుంది. ఇంతకంటే నిజాయితీ గల గేజ్ లేదు, కానీ అది పగిలితే ట్యాంకు మొత్తం సీట్లోకి దిగుతుంది. గొట్టం పసుపుపచ్చబడి సన్నని నెర్రెలు కనిపించాయంటే పై కింది రబ్బరు వలయాలతో సహా మార్చేయాలి. పైకి బాగుందిగా అని ఇంకో ఏడాది లాగడం తగదు.

ఇక బెండు సంగతి. పాత బిరడా బెండ్లకు పెట్రోల్ లోపలికి ఇంకకుండా లక్క పూత వేసేవారు. ఆ పూత ఏళ్లు గడిచేకొద్దీ ఊడిపోతుంది, ఆల్కహాల్ తగిలితే ఇంకా త్వరగా కరిగిపోతుంది. అప్పుడు బెండు పెట్రోల్ పీల్చి బరువెక్కి కాస్త మునుగుతుంది. గేజ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇది చిరాకు పెట్టే తప్పే గానీ మనిషిని ప్రమాదంలో పడేసే తప్పు కాదు, పైలట్ ముందుగానే దిగుతాడు. భయపడాల్సింది రెండో రకం తప్పుకు. మూత కన్నంలో జిగురు పట్టి తీగ ఇరుక్కుపోయినా, గేజ్ లోపలి చేయి కీలు దగ్గర బిగుసుకున్నా, పెట్రోల్ దిగిపోతున్నా సూచిక పైనే ఉండిపోతుంది. కబ్‌లో ఎగిరేటప్పుడు తీగ సన్నగా ఊగుతూ ఉండాలి. ఊగని తీగను నమ్మకూడదు. కొత్త బెండు వేసేటప్పుడు పెట్రోల్ పీల్చని సింథటిక్ రకం మంచిది, అయితే దాని బరువు, తేలే తీరు పాతదానిలా ఉండవు. అందుకే గుర్తులు మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది. తీగను మాత్రం కొత్తగా వంచుతూ పోకూడదు. పాత తీగను కొలిచి అదే పొడవుతో చేయాలి.

గేజ్, మూత, గొట్టాలు అన్నీ బాగున్నాయని తేలాకే ట్యాంకు ఒంటి మీదికి వెళ్లాలి. కబ్ కాలపు ట్యాంకులు టెర్న్ రేకువి. ఇనుప రేకుకు సీసం, తగరం కలిపిన పూత. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినట్టు. అతుకులను మడిచి, కొక్కెంలా బిగించి, పైన టంకం పోసేవారు. బలం మడతది, నీళ్లు కారకుండా ఆపేది టంకం. బిందెలకు మాట్లు వేసేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. మడత విచ్చుకున్న చోట ఊరికే టంకం పోస్తే అది ఇంజిన్ అదురుకు నెలల్లో పగులుతుంది. ముందు మడతను బిగించాలి, అవసరమైతే చిన్న రేకు ముక్క వేసి రివెట్ కొట్టాలి, ఆ తర్వాతే టంకం. టంకం అంటుకోవడానికి ముందు రేకుకు పూసే ఆమ్లపు ఫ్లక్స్‌ను కడిగి తీయకపోతే అదే తర్వాతి తుప్పుకు విత్తనం.

ఈ పనిలో ప్రాణాలు తీసే క్షణం ఒకటుంది. ఖాళీ ట్యాంకుకు వేడి తగిలించే క్షణం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. నిండుగా ఉన్నప్పుడు లోపల మండడానికి గాలి ఉండదు. ఖాళీ చేశాక గోడలకు అంటిన పెట్రోల్ ఆవిరై, గాలితో సరైన పాళ్లలో కలిసి, ట్యాంకు ఆకారంలో బాంబు తయారవుతుంది. నెలరోజులు మూత తీసి ఎండలో పెట్టాం కదా అనే ధీమా పనికిరాదు. మడతల్లో, సందులు మూయడానికి పూసిన పాత సీలెంట్ కింద, అడుగు బురదలో పెట్రోల్ దాక్కునే ఉంటుంది, వేడి తగలగానే బయటికి వస్తుంది. పాత పద్ధతి ఇప్పటికీ సరైనదే. వేడి నీళ్లు, డిటర్జెంట్‌తో కడిగి, కింది నుంచి పైకి పోయేలా కనీసం అరగంట ఆవిరి పట్టాలి. మండే వాయువును కొలిచే మీటర్ సున్నా చూపించాలి. వెల్డింగ్ అయితే లోపల ఆర్గాన్ లాంటి జడవాయువు నింపుతూ చేయాలి. టంకానికి మంట వాడకూడదు, బయట వేడిచేసిన పెద్ద రాగి టంకపు కర్ర వాడాలి. ఇవేవీ చేతికి అందకపోతే ఆ పనిని విమాన ట్యాంకులు చేసే షాపుకు పంపాలి. డబ్బు మిగులుతుందని వాకిట్లో వెల్డింగ్‌వాడికి ఇవ్వడం అతని ప్రాణంతో ఆడుకోవడమే.

సెస్నా 140 లాంటివాటిలో ట్యాంకులు అల్యూమినియంవి. వీటికి తుప్పు పట్టదనే మాట సగమే నిజం. ఎర్రటి తుప్పు పట్టదు గానీ తెల్లటి పొడి రాలే చిలుము పడుతుంది. అది రేకును పరుచుకుని తినదు, సూది గుచ్చినట్టు లోతుగా తొలుస్తుంది. అడుగున చేరిన నీటి బొట్టు దీనికి మొదలు. సీసం కలిసిన ఏవ్‌గ్యాస్‌లో ఇథిలీన్ డైబ్రోమైడ్ కూడా ఉంటుంది. అది ఆ నీటిలో నెమ్మదిగా విడిపోయి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఈ సంగతి తెలిసే అప్పట్లో కొన్ని ట్యాంకుల అడుగున పొటాషియం డైక్రోమేట్ లాంటి రసాయనం నింపిన చిన్న గుళికలు పెట్టేవారు. బయటివైపు నుంచి తినేది ఫెల్ట్. ట్యాంకు ఒరుసుకోకుండా పట్టీల కింద ఉన్ని ఫెల్ట్ వేసేవారు, అది చెమ్మను పీల్చి ఏళ్ల తరబడి రేకుకు తడిగుడ్డ చుట్టినట్టు పట్టి ఉంచుతుంది. ట్యాంకు దించి పట్టీ తీస్తే, సరిగ్గా పట్టీ వెడల్పున తెల్లటి గాడి కనిపిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు నీరు పీల్చని పట్టీయే వేయాలి. పట్టీ వదులైతే ట్యాంకు ఒరుసుకుంటుంది, మరీ బిగిస్తే మూల అతుకులు పగులుతాయి.

ఒంటరి పగులును వెల్డింగ్‌తో మూయవచ్చు. గ్యాస్ వెల్డింగ్ అయితే ఫ్లక్స్ అవశేషాన్ని వేడి నీళ్లతోనూ, 5 శాతం నైట్రిక్ లేదా సల్ఫ్యూరిక్ ఆమ్ల ద్రావణంతోనూ కడిగేయాలి. కానీ అడుగంతా సూదిపోట్లు పడిన రేకును వెల్డింగ్‌తో బాగుచేయడం కుదరదు. ఒక చిల్లు పూడుస్తుంటే ఆ వేడికి పక్కన పల్చబడి ఉన్న చోటు తెరుచుకుంటుంది. అలాంటప్పుడు అడుగు రేకు మొత్తం మార్చడమో, కొత్త ట్యాంకు చేయించడమో తప్ప దారి లేదు. ఖర్చు ఎక్కువే, అయినా ఇదే చవక.

ఇక్కడే స్లాషింగ్ కాంపౌండ్ అనే తేలిక దారి ఎదురొస్తుంది. చిక్కటి ద్రవాన్ని ట్యాంకులో పోసి, అటూ ఇటూ తిప్పి, మిగిలింది వంపేస్తే లోపల పల్చటి పొర మిగులుతుంది. లీక్ ఆగుతుంది. ఒక తరం మెకానిక్‌లు దీన్ని ధారాళంగా వాడారు. ఆ పొర ఎందుకు ఊడుతుందో ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఏ సీలెంట్ అయినా శుభ్రమైన లోహానికే అంటుకుంటుంది. మూసి ఉన్న పాత ట్యాంకు లోపలి మూలలను, మధ్య పలకల వెనకలను కళ్లతో చూడకుండా శుభ్రం చేయడం ఎవరి తరమూ కాదు. జిడ్డు మీద, చిలుము మీద పడిన పొర కొన్నేళ్లకు పొక్కులుగా లేస్తుంది. ఊడిన రేకలు ట్యాంకు నోటి దగ్గరి జల్లెడను మూసేస్తాయి. అంటే కారే ట్యాంకును బాగుచేయబోయి ఇంజిన్‌కు పెట్రోల్ అందకుండా చేసినట్టవుతుంది. పైపర్ చెరోకీ రకం విమానాల్లో సరిగ్గా ఇలాంటి పొర ఊడిపోవడం వల్లే ట్యాంకులు తనిఖీ చేయాలని ఎఫ్‌ఏఏ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. లీక్ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. మూసుకుపోతున్న జల్లెడ ఇంజిన్ ఆగేదాకా ఏమీ చెప్పదు. పాత విమానం కొన్నవాళ్లు లోపల తెల్లటి లేదా తేనె రంగు పొర కనిపిస్తే ముందు ఆ జల్లెడ విప్పి చూడాలి.

రివెట్ ట్యాంకులకు సరైన మందు పాలీసల్ఫైడ్ సీలెంట్. రెండు భాగాలను తూకం ప్రకారం కలిపి, ట్యాంకు లోపలి నుంచి, అతుకు వెంట గట్టులా పూయాలి. బయటి నుంచి పూస్తే పెట్రోల్ బరువు దాన్ని లోహం నుంచి నెట్టేస్తుంది, లోపలి నుంచి పూస్తే అదే బరువు దాన్ని లోహానికి అదుముతుంది. తేడా అంతే, కానీ నెల నిలిచే పనికీ ఇరవై ఏళ్లు నిలిచే పనికీ మధ్య తేడా ఇదే. పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి, ఉక్కు గీకుడు రేకు మీద గీతలు పెడుతుంది, ఆ గీతలోంచే రేపటి పగులు. ద్రావకంతో తుడిచేటప్పుడు అది ఆరిపోకముందే పొడిగుడ్డతో తీసేయాలి, లేకపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పేరుకుంటుంది. రెండు గంటల పని సమయం అని డబ్బా మీద రాసి ఉంటే అది 25 డిగ్రీల దగ్గర లెక్క. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. మే నెల హైదరాబాద్‌లో రేకుల షెడ్డు కింద అది గంట కూడా మిగలదు. కొంచెం కొంచెంగా కలుపుకోవడం, తెల్లవారుజామున పని పెట్టుకోవడం మంచిది.

రబ్బరు సంచి ట్యాంకులున్న సెస్నా 180, 182లది వేరే కథ. అక్కడ రబ్బరు ఎండి పగులుతుంది. దాన్ని మార్చేటప్పుడు అడుగున ముడతలు మిగిలితే వాటిలో నీరు నిలిచి, డ్రెయిన్ తెరిచినా బయటికి రాదు. 1984లో ఎఫ్‌ఏఏ ఇచ్చిన తప్పనిసరి ఆదేశం ఆ ముడతల గురించే.

మరమ్మతు అయ్యాక గాలి పరీక్ష. సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూసినట్టే, ట్యాంకులో గాలి నింపి సబ్బు నురగ రాసి చూస్తారు. ఇక్కడ కంప్రెసర్ పెట్టి ట్యాంకును పాడుచేసినవాళ్లు చాలామంది. మామూలు లోహపు ట్యాంకు తట్టుకోవాలని నిబంధనలు చెప్పే ఒత్తిడి 3.5 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 3.5 పౌండ్లు. వినడానికి చిన్న అంకె. కానీ 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న ఒక్క రేకు పలక మీద అది 590 కిలోల బరువు. ఎనభై ఏళ్ల టంకపు అతుకును అంతటి పరీక్షకు పెట్టాల్సిన అవసరం లీక్ వెతకడానికి లేదు. అర పీఎస్‌ఐ చాలు. అది కూడా ఆ పలక మీద 84 కిలోలు. అర పీఎస్‌ఐ అంటే 35 సెంటీమీటర్ల నీటి మట్టం. కాబట్టి గడియారపు మీటరు కంటే, యు ఆకారంలో వంచి నీళ్లు పోసిన పారదర్శక గొట్టం నమ్మకమైనది. ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు చిమ్మి బయటపడతాయి, ట్యాంకు బతుకుతుంది. ఒక జాగ్రత్త. మూసిన ట్యాంకులో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినా నీటి మట్టం మూడున్నర సెంటీమీటర్లు మారుతుంది. ఎండ పడే చోట పరీక్ష పెడితే కారే ట్యాంకు కూడా కారనట్టే కనిపిస్తుంది.

ఏ ఇంధనం పోస్తున్నారన్నది మరమ్మతు ఎన్నాళ్లు నిలుస్తుందో తేలుస్తుంది. 1982 నుంచి అమెరికాలో కొన్ని తక్కువ కంప్రెషన్ ఇంజిన్లున్న విమానాలకు కారు పెట్రోల్ వాడే అనుమతులు వచ్చాయి, కానీ అవి ఇథనాల్ కలవని పెట్రోల్‌కు మాత్రమే. ఇథనాల్ లక్క పూతను కరిగిస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది, నీటిని పీల్చుకుని అడుగుకు తెస్తుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. పుష్పక్ కాలపు ట్యాంకులో, బిరడా బెండు మీద, కార్క్ ప్యాకింగ్ మీద దాన్ని పోయడమంటే పైన చెప్పిన పనులన్నీ మళ్లీ మొదటి నుంచి చేయడానికి సిద్ధపడటమే. ఇండియన్ ఆయిల్ 2022లో దేశంలోనే ఏవ్‌గ్యాస్ తయారీ మొదలుపెట్టింది కాబట్టి దిగుమతి కోసం ఎదురుచూసే కష్టమైనా కొంత తగ్గింది.

ట్యాంకు ఆరింది, గేజ్ కూర్చుంది. పని ఇంకా అయిపోలేదు. గేజ్ సున్నా అంటే ట్యాంకులో చుక్క లేదని కాదు, సమతలంగా ఎగిరేటప్పుడు ఇంజిన్‌కు అందే ఇంధనం అయిపోయిందని. నిబంధన చెప్పే సున్నా ఇదే. ఆ సున్నా దగ్గర సరిగ్గా ఉంటే చాలు, మిగతా గుర్తులు ఎలా ఉన్నా ఫరవాలేదని కొందరు చెప్పే అర్థం మాత్రం తప్పు. ప్రతి ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో గేజ్ చూపించాలి. ఈ పాత విమానాల్లో చాలావి తోక నేలకు దించి, ముక్కు పైకెత్తి నిలబడేవి. నేల మీద అలాగే ఉంచి గుర్తులు వేస్తే గాలిలో అవి తప్పుతాయి. తోకను బల్ల మీదికి ఎత్తి, విమానాన్ని ఎగిరే భంగిమలో నిలిపి, ట్యాంకు పూర్తిగా వంపి, ముందుగా వాడకానికి అందని ఇంధనం కొలిచి పోయాలి. అక్కడ సున్నా. తర్వాత కొలత డబ్బాతో అయిదేసి లీటర్లు పోస్తూ గేజ్ ఏం చూపిస్తుందో రాసుకోవాలి. తోక దించి, అదే ఇంధనానికి చెక్క కర్ర ముంచి కర్ర మీదా గీతలు పెట్టుకోవాలి. నేల మీద కర్ర, గాలిలో గేజ్, చేతి గడియారం మూడూ ఒకే మాట చెబుతుండాలి.

భారత్‌లోనైతే లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీర్ సంతకం లేనిదే ఆ విమానం లేవకూడదు. ఆ సంతకానికి ముందు ట్యాంకును పూర్తిగా నింపి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, లైనింగ్ ఇంకా మూయకుండా, టార్చ్ వేసి గేజ్ అంచు, మరల తలలు, పట్టీల కింద, గొట్టం క్లిప్పులు వేలితో తడిమి చూడాలి. మొదటి గంట ఎగిరి దిగాక అదే చోట్ల మళ్లీ చూడాలి, ఎందుకంటే ఇంజిన్ అదురు తగిలాకే బయటపడే ఊటలు కొన్ని ఉంటాయి. వేలికి చెమ్మ, ముక్కుకు వాసన తగలకపోతే అప్పుడు లైనింగ్ మూయవచ్చు.